బీడీల గదిలో ఆదివారం

మా ఆయన మంచివాడు. ఈ మాట మొదటే రాసిపెట్టుకుంటున్నాను. రాస్తూ పోయేకొద్దీ నాకు కోపం వస్తుంది, అప్పుడు ఈ మాట రాయడానికి చెయ్యి రాకపోవచ్చు.

ఇప్పుడు పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. ఆయన వాకిట్లో కూర్చుని ఎవరిదో కాలిపోయిన బోరు మోటరు విప్పుతూ, దాన్నీ దాన్ని తయారుచేసినవాణ్నీ కలిపి తిడుతున్నాడు. చూసేవాళ్లకు ఇందులో ఏమీ ఉండదు. నాకు మాత్రం ఆ తిట్లు వింటుంటే కడుపు నిండుతుంది. మా దగ్గరికి కొత్తగా వచ్చే ఆడవాళ్లు “అక్కా, మీకెట్ల నయమైంది?” అని అడుగుతారు. అడిగిన ప్రతివాళ్లకూ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. పైగా చెప్పినప్పుడల్లా మా ఆయన మీద ఒక తిట్టు పెరుగుతోంది. అందుకే ఒకసారి కుదురుగా కూర్చుని రాస్తున్నాను. నయమైంది అని మాత్రం రాయను, మా మీటింగులో ఆ మాట అనం. ఈ రోగం పడుకుంటుంది గాని పోదు. దాన్ని లేపకుండా ఎలా బతుకుతున్నామో అదే చెబుతాను.

ఆ వానకాలం

మాది మెట్‌పల్లి. నేను ఇక్కడి ఆడవాళ్లందరిలాగే ఇంట్లో బీడీలు చుడతాను. ఇంటర్ దాకా చదివాను, అందుకని చాట ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఉత్తరాలు చదవాలన్నా, ఆస్పత్రి చీటీ చూడాలన్నా నన్నే పిలుస్తారు. మా ఆయన గంగాధర్‌ది మోటర్ వైండింగ్ షాపు. రైతుల బోరు మోటర్లు కాలిపోతే పాత తీగ పీకి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. ఆ చుట్టడంలో ఆయన చెయ్యి ఎంత మంచిదంటే, కోరుట్ల నుంచి కూడా మోటర్లు బండి మీద వేసుకుని వచ్చేవాళ్లు.

ఆ పనిలో ఒక ఆచారం ఉంది. మోటరు మళ్లీ నీళ్లు పోసిందంటే రైతు మెకానిక్‌కు దావత్ ఇవ్వాలి, అంటే మందు పోయించాలి. ఎండిపోతున్న పొలంలో నీళ్లు పడ్డ సంతోషంలో ఇచ్చేది, వద్దంటే ముఖం మాడ్చుకుంటాడు. మా ఆయనకు ఎవరి ముఖం మాడినా చూడబుద్ధి కాదు. అలా ఊరి పొలాలన్నీ తడిశాయి, మా ఇల్లు ఎండిపోయింది. పొద్దున లేవగానే చేతులు వణికేవి. వణుకు ఆగాలంటే కొంచెం పడాలి. కొంచెం పడితే షాపుకు పోయే మాట ఉండదు.

ఆ వానకాలం కళ్లు పచ్చబడ్డాయి. ఇక మందు ముట్టుకుంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. మా ఆయన భయపడ్డాడు, నిజంగానే మానేశాడు. నేను పోచమ్మకు మొక్కు తీర్చాను. మా అత్తమ్మ లచ్చవ్వ అయితే ఇంటింటికీ వెళ్లి కొడుకు మారాడని చెప్పుకుంది. రోజూ సాయంత్రం స్టీలు క్యాను పట్టుకుని కల్లు దుకాణానికి వెళ్లి, కొడుకు కోసం కల్లు తెచ్చేది.

ఇది చదివి కరీంనగర్ అవతలివాళ్లు నవ్వుతారు. మా వైపు వాళ్లు నవ్వరు. మా వైపు మందు వేరు, కల్లు వేరు. బాలింతకు కల్లు పోస్తారు, జ్వరం తగ్గినవాడికి కల్లు పోస్తారు. నాకు ఎక్కడో అనుమానం వచ్చి ఒకసారి అడిగితే అత్తమ్మ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

“మందు, కల్లు ఒక్కటేనా బిడ్డా? గది చెట్టు పాలు. పానం సల్లవడ్తది” అంది.

మా మామ రాజన్న దానికి సాక్ష్యం. ఖద్దరు నేసి నేసి నడుము వంగిపోయిన మనిషి. పెళ్లి కాకముందు నుంచీ రోజూ సాయంత్రం తెలిసినవాళ్ల చెట్టు కింద కల్లు తాగుతాడు, ఏనాడూ తూలింది లేదు, ఒకరిని ఒక మాట అన్నది లేదు. ఆయన లెక్క ప్రకారం కొడుకుది రోగం కాదు, తాగడం చేతకాకపోవడం. డాక్టరు గారి ముందు కూడా మేమందరం ఒకే మాట మీద ఉన్నాం, మా ఆయన చుక్క ముట్టడం లేదని. అందులో అబద్ధం ఉందని మాలో ఎవరికీ తెలియదు.

తర్వాత ఏదో కల్తీ పట్టుకున్నారని చుట్టుపక్కల దుకాణాలు కొన్నాళ్లు మూతపడ్డాయి. రెండో రోజుకే మా ఆయనకు చెమటలు, వాంతులు. నిద్ర లేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయని తుడిచేవాడు. ఆ తర్వాత మంచం మీద కూర్చుని గాలిలో తీగ చుట్టడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో తీగ పట్టుకున్నట్టు, ఇంకో చేత్తో లెక్కపెడుతున్నట్టు, ఆపకుండా చుడుతూనే ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. నేను చేతులు పట్టుకుంటే, మోటరు ఇవ్వాలె, రైతు నిలబడ్డాడు అని విదిలించాడు. నా పెళ్లయినప్పటి నుంచి అంత భయం నాకు ఎన్నడూ వేయలేదు. ఇంతలో ఫిట్సు వచ్చాయి. అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోయాం.

ఆస్పత్రి వరండా

ఆస్పత్రి వరండాలో మాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. బెంచీల మీద ఆడవాళ్లు, లోపల మగవాళ్లు. పక్కావిడ మీ ఆయనకు ఏమైందని అడిగింది. గ్యాసు అన్నాను. మరి మీ ఆయనకో అని నేనడిగితే, ఎండదెబ్బ అంది. బయట వాన కుండపోతగా కురుస్తోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని తల తిప్పుకున్నాం. ఆమె అవతల కూర్చున్నావిడ తన మొగుడికి ఎవరో చేతబడి చేయించారని చెప్పింది.

కొంతసేపటికి నర్సమ్మ వచ్చి వరండా మొత్తానికి కలిపి ఒకటే అడిగింది.

“కల్లు బందయి ఎన్నొద్దులైంది అందరికి?”

ఒక్కొక్కరూ కొంగు సర్దుకున్నారు. తర్వాత ఎండదెబ్బ అక్క మెల్లగా చెయ్యెత్తింది. ఆమె ఎత్తాక నేను ఎత్తాను. కోరుట్ల ఆవిడ ఆమె. పేరు వేరే ఉంది గాని ఇప్పటికీ మేము ఆమెను ఎండదెబ్బ అక్క అనే పిలుస్తాం, ఆమె పలుకుతుంది.

డాక్టరు మాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆ దుకాణం కల్లులో చెట్టు నుంచి వచ్చినది తక్కువ, నిద్రమాత్రల పొడి ఎక్కువ. రోజూ తాగినవాడికి ఒక్కసారిగా బంద్ చేస్తే మెదడు అదుపు తప్పుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే మీ అంతట మీరు ఆపేసి గదిలో పెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకురండి అన్నాడు. ఇది చదివేవాళ్లకు నేను కూడా అదే చెబుతున్నాను. మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

డాక్టరు చెబుతున్నప్పుడు మా అత్తమ్మ నా వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది. వెళ్లి నల్లా దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వెళ్లేసరికి తన అరచేతులు చూసుకుంటోంది.

“నా చేతితోటి పోసిన గదనే సుగుణా” అంది. “సల్లగుండాలని పోసిన.”

మనందరం అట్లనే అనుకున్నాం అత్తమ్మా అన్నాను. ఆమె ఆ రోజంతా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. సాయంత్రం ఎండదెబ్బ అక్క వచ్చి, జొన్నరొట్టె తుంచి మిరపతొక్కు అద్ది, ఏమీ అడక్కుండా ఆమె చేతిలో పెట్టింది. అత్తమ్మ తిన్నది. ఆ రొట్టె ముక్క నేను ఈ జన్మలో మరచిపోను.

మా ఆయనకు తెలివి వచ్చిన తర్వాత చుట్టాలందరూ వరసగా వచ్చి బుద్ధులు చెప్పారు. బిడ్డ మొఖం చూడు అన్నారు. కరీంనగర్‌లోనే హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా శ్రావణి రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. ఆ పిల్ల ముఖం చూస్తే ఆయన గోడవైపు తిరిగేవాడు. అందరూ చెప్పేదానికి తల ఊపేవాడు. ఆ తల ఊపడం నాకు బాగా తెలుసు. అలా ఊపిన ప్రతిసారీ ఆ మర్నాడు తాగాడు.

ఒకరోజు పోశెట్టన్న వచ్చాడు. అప్పటికి ఆయన ఎవరో మాకు తెలియదు. తెల్లచొక్కా, చేతిలో సంచి, జుట్టుకు నూనె. బీమా ఏజెంటేమో అనుకుని పైసల్లేవని ముందే చెప్పేశాను. ఆయన నవ్వాడు. తనది పెద్దపల్లి అనీ, రైసుమిల్లులో పని అనీ, ఒకప్పుడు ఇదే వార్డులో మంచానికి కట్టేస్తే పడి ఉన్నాననీ చెప్పాడు. మా ఆయనకు బుద్ధి చెప్పడానికి వచ్చారా అని అడిగాను.

“లేదు చెల్లె. నాకే పొద్దుగాల్నుంచి తాగబుద్ధయితుంది. గీ రోగమున్నోనితోటి జరసేపు మాట్లాడితే ఇయ్యాల్టికి గడుస్తది. మాట్లాడనిస్తవా?”

నేను పక్కకు జరిగాను. మంచం మీద నుంచి మా ఆయన గొంతు వచ్చింది, ఎన్నో రోజుల తర్వాత మనిషి గొంతులా.

“కూసో అన్నా. నేనైతే యాడికి పోను, సెలైన్ గుచ్చి కట్టేసిండ్రు.”

పోశెట్టన్న ఆ రోజు చాలాసేపు తన సంగతే చెప్పుకున్నాడు. బిడ్డ పెళ్లిలో పందిట్లో పడిపోయింది చెప్పాడు, మిల్లులో బస్తాల చాటున సీసా దాచింది చెప్పాడు. మా ఆయన మధ్యమధ్యలో నవ్వాడు, ఒకసారి కళ్లు తుడుచుకున్నాడు. నువ్వు మానెయ్ అని పోశెట్టన్న ఒక్కసారి కూడా అనలేదు. వెళ్తూ వెళ్తూ మా ఆయనకు దండం పెట్టి, బతికించినవు తమ్మీ అన్నాడు. ఇన్నేళ్లలో మా ఆయనకు అందరూ సాయం చేయాలని చూశారు గాని, ఆయన్ని సాయం అడిగినవాడు ఇతనొక్కడే.

మళ్లీ వచ్చినప్పుడు నేనే అడిగాను, ఇదంతా ఎవరు నేర్పారని. పెద్దపల్లిలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడట. ఎక్కడో దూరంగా పెద్ద పట్నంలో చావు దాకా పోయి, అక్కడ తాగుడు మానాలనుకునేవాళ్లు పెట్టుకునే మీటింగుల్లో కూర్చుని బతికి వచ్చాడు. ఊళ్లో తనలాంటి ఇంకొకడు లేకపోతే తానూ నిలబడలేనని పోశెట్టన్నను పట్టుకున్నాడు. ఇద్దరూ రైల్వే స్టేషన్ బయట చాయ్ దుకాణంలో కూర్చుని మొదలుపెట్టారు. అసలు ఇది పుట్టింది పరాయి దేశంలోనట, చాలా ఏళ్ల కిందట. అక్కడా ఇద్దరే. వాళ్లలో ఒకతను డాక్టరు. ఇది విని మా అత్తమ్మ, డాక్టర్లు కూడా తాగుతారా అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. అప్పుడు గాని ఆమె మనసు కొంచెం కుదుటపడలేదు.

చలికాలం

ఇంటికి వచ్చాక మా ఆయన రైలెక్కి పెద్దపల్లి మీటింగుకు వెళ్లి వచ్చేవాడు. నాకు నమ్మకం లేదు. గడపలోనే ఆపి నోరు వాసన చూసేదాన్ని. ఆయన నోరు తెరిచి చూపించేవాడు, పశువుల డాక్టరుకు ఎద్దు చూపించినట్టు. తర్వాత తర్వాత తానే వచ్చి నోరు తెరిచి నిలబడేవాడు, నాకు నవ్వు వచ్చేది.

అంత దూరం ఎన్నాళ్లు తిరుగుతావు, మీ ఊళ్లోనే పెట్టుకో, ఇద్దరుంటే చాలు అన్నాడు పోశెట్టన్న. ఆ రెండోవాడు ఎండదెబ్బ అక్క భర్త. మొదట మా వైండింగ్ షాపులో కూర్చున్నారు. రైతులు సీసాలతో వచ్చి, దావత్ అనుకుని తామూ కూర్చున్నారు. అది కుదరలేదు. తర్వాత కులసంఘం భవనంలో పెట్టారు. అక్కడికి పోతూ ఎవరైనా చూస్తే తాగుబోతు అని తెలిసిపోతుందని ఒక్కడూ రాలేదు. తాగి రోడ్డు మీద పడిపోయినప్పుడు ఊరంతా చూసింది గదా అంటే, అది వేరే అన్నారు. మగవాళ్ల సిగ్గు ఎక్కడ మొదలవుతుందో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

అప్పుడు నాకు బీడీల గది తోచింది. మేము చుట్టిన బీడీలు అప్పగించే చోటు. పొద్దంతా ఆడవాళ్లతో కిటకిటలాడుతుంది, మధ్యాహ్నం దాటితే ఖాళీ. అక్కడికి మగవాడు వస్తే పెళ్లాం కోసం వచ్చాడనుకుంటారు గాని ఇంకేమీ అనుకోరు. బీడీలు తీసుకునే టేకేదారును అడిగితే, ఎందుకని కూడా అడక్కుండా తాళంచెవి ఇచ్చాడు. ఆయన తమ్ముడు ఇదే రోగంతో పోయాడని తర్వాత తెలిసింది.

మొదట మంగళవారం పెట్టారు. గది నిండిపోయింది, మా ఆయన పొంగిపోయాడు. పోశెట్టన్న వచ్చి చూసి పెదవి విరిచాడు. మంగళవారం మా వైపు సగం మంది నీసు ముట్టరు, మందు జోలికి కూడా ఎక్కువ పోరు. ఆ రోజు బుద్ధిమంతుడిగా ఉండటానికి మీటింగు ఎందుకు, యాటకూర ఉడికి సీసాల మూతలు లేచే టైములో కూర్చోవాలి అన్నాడు. అలా ఆదివారం పగటిపూటకు మారింది. గది సగం ఖాళీ అయింది. ఆ మిగిలిన సగం మందే ఇప్పటిదాకా ఉన్నారు.

కూర్చున్నారు గాని మాట్లాడరు. మగవాళ్లకు చేతులు ఖాళీగా ఉంటే నోరు రాదు. తొడల మీద పెట్టుకుంటారు, జేబులో పెట్టుకుంటారు, చేతులు వణుకుతున్నాయని ఒకరికొకరు కనపడకుండా దాచుకుంటారు. వాళ్ల వెంట వచ్చిన ఆడవాళ్లం మేము ముందు గదిలో ఉండి కిటికీలోంచి చూసేవాళ్లం. ఒక ఆదివారం నాకు విసుగొచ్చి, చాటెడు నానబెట్టిన తునికాకు, కత్తెరలు తీసుకెళ్లి వాళ్ల మధ్యలో పెట్టాను. ఊరికే కూర్చుంటే ఆకు కత్తిరించండి, మాకు పనన్నా తగ్గుతుంది అన్నాను. ఆడవాళ్ల పని మేమెట్ల చేస్తామని గొణిగారు. తర్వాత ఎండదెబ్బ అక్క భర్త ఒక ఆకు తీశాడు. ఆకు వైపు తల వంచితే ఎవరి ముఖం చూడక్కర్లేదు. చేతికి పని దొరికింది, నోరు దానంతట అదే తెరుచుకుంది. ఆ రోజు ఒకాయన, తన తల్లి చావుకు కూడా తెలివిలో లేనని, ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ చెప్పాడు.

వాళ్లు కత్తిరించిన ఆకు దేనికీ పనికి రాలేదు. ఒక రోగం తగ్గించుకోవడానికి ఇంకో రోగానికి చాకిరీ చేస్తున్నారని పోశెట్టన్న ఎగతాళి చేశాడు. నిజమే. కానీ ఆ గదిలో ఉన్నది అదే మరి.

ముందు గదిలో కూర్చున్న మేమూ మెల్లగా ఒక మీటింగు అయ్యాం. మాకూ అదే నియమం. సలహా ఇవ్వొద్దు, ఎదుటివాళ్ల సంగతి చెప్పొద్దు, నీ సంగతి చెప్పు. వినడానికి సులువుగా ఉంది. నా వంతు వచ్చి నోరు తెరిస్తే ప్రతి మాటా మా ఆయనతోనే మొదలవుతోంది. ఆయన ఇట్లన్నాడు, ఆయన అట్ల చేశాడు. ఆయన్ని తీసేసి చెప్పమంటే నా దగ్గర మాటలే లేవు. ఆ రోజు ఏడ్చాను. చాలా రోజుల తర్వాత ఒక ఆదివారం, నాకు మిర్చిబజ్జీలంటే ఇష్టమనీ, తిని ఎన్నో ఏళ్లయిందనీ చెప్పాను. మరుసటి వారం ఎండదెబ్బ అక్క కోరుట్ల నుంచి పొట్లం కట్టించుకుని వచ్చింది.

యాసంగి

రెండో పంట మధ్యలో ఉండగా ఎండలు ముదిరి బోర్లు అడుగంటాయి, మోటర్లు వరసగా కాలాయి. మా ఆయన పగలూ రాత్రీ పనిలో పడ్డాడు. ఒక రైతు మోటరు ఎక్కించుకుని వెళ్తూ ఎప్పటిలాగే సీసా పెట్టి పోయాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి రాలేదు. ఎలా వచ్చాడో, నేను ఏమేం అన్నానో రాయను. అది మీకు తెలిసిందే.

తర్వాత ఆదివారం ముసుగు తన్ని పడుకున్నాడు. అందరికీ నేనే చెప్పినవాణ్ని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోవాలె అంటాడు. నేను పిలిచాను, శ్రావణి ఫోన్ చేసింది, లేవలేదు. మా మామ అరుగు మీద కూర్చుని అంతా వింటున్నాడు. అప్పటిదాకా ఆయనకు మీటింగంటే వెక్కిరింతే. కర్ర పట్టుకుని లోపలికి వచ్చి ముసుగు లాగాడు.

“తాగినోడే పోవాలె గదరా ఆడికి. తాగనోనికి ఆడేం పని?”

మా ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. మామ ముందు, ఆయన వెనక, ఎండలో నడిచి వెళ్లారు. లోపలివాళ్లు జరిగి చోటిచ్చి, కత్తెర చేతికిచ్చారట.

ఆనాటి నుంచి మామకు అదో ఉద్యోగమైంది. లోపలికి ఎన్నడూ రాలేదు. ఎదురుగా ఉన్న చాయ్ దుకాణం బల్ల మీద కూర్చునేవాడు. ఎవడైనా కొత్తవాడు వచ్చి గడప దగ్గర తచ్చాడుతుంటే, “పో లోపటికి, నిన్ను తినరు” అని కర్ర చూపించేవాడు. అంతా అయ్యాక సాయంత్రం తాను మాత్రం తన కల్లుకు పోయేవాడు. అత్తమ్మ క్యాను ముట్టడమే మానేసింది, అయినా ఆయన మానలేదు. మీ మీటింగుకు కాపలా ఉండేది తాగుబోతేనా అని ఎవరో అంటే, కాపలాకు తాగితేనేం, తాగకపోతేనేం అని జవాబిచ్చాడు.

గది పేరు అలా అలా పాకింది. ఉట్నూర్ దగ్గరి గూడెం నుంచి జైవంత్‌రావు అనే గోండు జీపు డ్రైవరు వచ్చాడు. మెట్‌పల్లిలో ఎవరినో దింపడానికి వచ్చి, చాయ్ తాగుతూ మా మామ చేతికి చిక్కాడు. తర్వాత తానే ఉట్నూర్‌లో మొదలుపెట్టుకున్నాడు, సంత రోజున, జీపులు తిరుగుప్రయాణం కట్టేలోపల. మొదటిసారి నేను ఒక్కణ్నే, నువ్వు రావాలె భావు అని, అన్నను పిలిచినట్టు, మా ఆయనను పిలిచాడు. ఆయన పోయి వచ్చాడు. ఎలా జరిగిందని అడిగితే, అందరూ గోండిలోనే మాట్లాడారని, తనకు ఒక్క ముక్క తెలియలేదని చెప్పాడు. మరి ఏం చేసినవు అంటే, కూర్చున్నానన్నాడు.

“మాట సమజ్ కాలే. కని ఎవడు యాడ ఏడ్వవట్టిండో అంత సమజైంది” అన్నాడు.

ఇప్పటికీ నెలకోసారి పోయి వస్తాడు. వచ్చిన రోజు బాగా నిద్రపోతాడు.

మొన్నటి ఎండాకాలం

మొన్నటి ఎండాకాలం మామ పోయాడు. పెద్ద బాధ పడలేదు, రెండు రోజులు దగ్గి, మూడో రోజు తెల్లారేసరికి లేడు. మా ఆయన అన్నీ చేశాడు. కట్టెలు చూశాడు, చుట్టాలకు ఫోన్లు చేశాడు, తలకొరివి పెట్టాడు. కంటి నుంచి చుక్క రాలేదు. అది చూసి నాకు లోపల దడ పట్టుకుంది. ఆయనకు దుఃఖం వస్తే ఏం చేయాలో ఒకటే తెలుసు. పెళ్లయినప్పటి నుంచి ఆయన తాగకుండా ఏడవడం నేను చూడలేదు.

దినం నాటికి పోశెట్టన్న వచ్చాడు, ఎండదెబ్బ అక్క, ఆమె భర్త వచ్చారు. జైవంత్‌రావు చీకట్లోనే బయల్దేరి జీపు నడుపుకుంటూ వచ్చాడు. వాళ్లు ఎవరో చుట్టాలకు తెలియదు. బీడీల కంపెనీవాళ్లనుకున్నారు.

గోడ వారగా ఆకు వేసి, మామ పేరు మీద ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. అప్పుడు అత్తమ్మ తమ్ముడు మల్లయ్య మామ కల్లు కుండతో వచ్చాడు. మాలో అది మేనమామ తేవాలి. తెచ్చిన కల్లు ముందు కొడుకు నోట పడాలి, ఆ తర్వాతే చుట్టాలు ముట్టుకోవాలి. కాదంటే పోయినవాణ్ని అవమానించినట్టే, మేనమామ ముఖాన తలుపేసినట్టే. ఈసారి కల్లు మంచిదే, మల్లయ్య మామ చెట్టు కింద నిలబడి దింపించుకొచ్చాడు. మా ఆయనకు మంచిదైనా ఒకటే, చెడ్డదైనా ఒకటే. ఆ ఒక్క చుక్కతో మేము మళ్లీ ఆ వరండాలో ఉంటాం.

మల్లయ్య మామ చెంబులో పోసి చాపాడు.

“పట్టు అల్లుడా. మీ బాపు పేరు మీద ఒక్క గుటిక. గాయిన పానం సల్లవడ్తది.”

వాకిలి నిండా చుట్టాలు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. మా ఆయన చేతులు చాపలేదు, వెనక్కూ తీసుకోలేదు. నేను ఏదైనా అంటే కోడలు ఆచారం చెడగొట్టిందంటారు, పడతాను అనుకుంటూనే శ్రావణి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పోశెట్టన్న రెండడుగులు ముందుకు వచ్చి ఆగిపోయాడు. అది ఆయన ఇల్లు కాదు.

గడప పక్కన ముసుగు వేసుకుని కూర్చున్న అత్తమ్మ లేచింది. ఆ రోజుల్లో ఆమె ఎవరైనా పట్టుకుంటే తప్ప లేవడం లేదు. గోడ పట్టుకుని తానే లేచి, నడిచి వచ్చి, తమ్ముడి చేతిలో నుంచి చెంబు తీసుకుంది.

“ఇది నీ బావదిరా తమ్మీ. ఆయనకు ఇష్టం. ఆయనకే ముట్టనియ్యి.”

ఆకు పక్కన మట్టిలో చెంబు మొత్తం వంపింది. మళ్లీ కుండ దగ్గరికి వెళ్లింది. కుండ ఆమె చేతులకు లేవలేదు, జైవంత్‌రావు వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కుండ కూడా అక్కడే వంపేశారు. చుట్టాల్లో ఎవరో ఏదో అనబోతే ఆమె వాళ్లవైపు తిరిగింది.

“ఇండ్ల నా కొడుకుది ఒక్క చుక్క లేదు. అడిగేటోళ్లు నన్ను అడుగుండ్రి.”

మల్లయ్య మామ కండువా దులుపుకుని అక్క పక్కన నేల మీద కూర్చున్నాడు.

అప్పుడు మా ఆయన ఏడ్చాడు. బాపూ అని ఒక్క కేక పెట్టి, నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. శ్రావణి వెళ్లి భుజం పట్టుకుంది. పోశెట్టన్న, జైవంత్‌రావు, ఎండదెబ్బ అక్క భర్త వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎంతసేపు ఏడ్చాడో నాకు తెలియదు. ఒక్కరం కూడా ఊరుకో అనలేదు.